కొండ దారికి పాత జీపు – ఒక గుమాస్తా అనుభవం

(డిసెంబరు 17, పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా కొత్తవలసలో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



1982లో సరిగ్గా ఇదే తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పెన్షన్ అనేది ప్రభుత్వం దయతలచి ఇచ్చేది కాదు, ఉద్యోగి హక్కు అని అందరికీ తెలిసింది ఆ తీర్పుతోనే. దాని గురించి మాట్లాడటానికి నాకంటే అర్హులు ఈ హాల్లో చాలామంది ఉన్నారు. మన కార్యదర్శిగారు మాత్రం నన్ను పిలిచి, "మీరు తీర్పులూ జి.ఓ.లూ పక్కన పెట్టి మీ జీపు గురించి చెప్పండి. కుర్రాళ్ళు కూడా వస్తున్నారు" అన్నారు. సరేనన్నాను. ఒప్పుకోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. నేను తీర్చవలసిన పాత బాకీ ఒకటి ఉంది. అది మధ్యలో వస్తుంది.

నేను 1973లో రెవిన్యూ శాఖలో గుమాస్తాగా చేరి, 2009లో సీనియర్ అసిస్టెంటుగా రిటైరయ్యాను. జీపు మీద మోజు అంతకంటే పాతది. 1960లలో మన కొత్తవలస నుంచి కిరండూల్‌కు రైలు మార్గం వేస్తున్నప్పుడు నేను నిక్కరు తొడుక్కునే పిల్లవాణ్ణి. బైలదిల్లా ఇనప ఖనిజం విశాఖ రేవు మీదుగా జపాను వెళ్ళడానికి కొండల్ని తొలిచి వేసిన లైను అది. దాని మీద 58 సొరంగాలు ఉన్నాయి. ఆ పనుల మీద తిరిగే జీపులు మా వీధిలోంచి వెళుతుంటే ఎర్రటి దుమ్ములో వెనక పరిగెత్తేవాళ్ళం. కొండ ఎక్కగలిగిన బండి ఎక్కడికైనా వెళ్ళగలదని అప్పుడు నా నమ్మకం.

ఉద్యోగంలో చేరాక జీపు ఎక్కాను గాని, వెనక ఎక్కాను. తహసీల్దారుగారు ముందు ఎడమవైపు సీట్లో కూర్చుంటే, మేము రికార్డు పెట్టెలు ఒళ్ళో పెట్టుకుని వెనక అడ్డబల్లల మీద కూర్చునేవాళ్ళం. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. ఆఫీసు బోర్డు మారింది, అధికారి హోదా పేరు మారింది, నా సీటు మాత్రం మారలేదు. 36 ఏళ్ళ సర్వీసులో ఒక్కసారి కూడా ముందు సీట్లో కూర్చోలేదు. అందుకని రిటైరయ్యాక డ్రైవింగు స్కూల్లో చేరి, 2010లో లైసెన్సు తీసుకుని, 2011లో గ్రాట్యుటీ డబ్బులో మిగిలిన దానితో ఒక పాత జీపు కొన్నాను. మా ఆవిడ, "అరవయ్యేళ్ళకి అందరూ కాశీ వెళతారు. మీరేటండీ, జీపు కొంటానంటారు?" అంది. కాశీకి రైలుంది, కొండ ఊళ్ళకే లేదు అన్నాను. ఆ రోజుకు గెలిచాను.

కొనే ముందు చూడవలసినవి

జీపు సంగతి రెండు ముక్కల్లో. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం కోసం విల్లీస్ కంపెనీ చేసిన బండి ఇది. యుద్ధం అయ్యాక బొంబాయిలో మహీంద్రావారు ఆ నమూనా బళ్ళు బిగించి అమ్మడం మొదలుపెట్టారు. 1980ల మధ్యలో ఎం.ఎం.540 అనే మోడల్ వచ్చింది. దానిలో ఫ్రెంచివారి పూజో కంపెనీ డిజైనుతో చేసిన 2.1 లీటర్ల డీజిల్ ఇంజను ఉంటుంది. నాది 1994 మోడల్, ఏపీ 35 నంబరు. అంటే మన విజయనగరం జిల్లా పాత కోడు. 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 వచ్చింది గాని, పాత బళ్ళకు పాత నంబరే ఉంది.

ప్రభుత్వ వేలంలో కండెమ్ జీపు చవగ్గా వచ్చేది కదా అని చాలామంది అడిగారు. కండెమ్ ఫైళ్ళు రాసిన చెయ్యి నాది. ఏ బండి ఏ స్థితిలో వేలానికి వెళ్ళేదో నాకు తెలుసు. స్టెప్నీ ఉండేది కాదు, బ్యాటరీ ఉండేది కాదు, ఒక్కోసారి ఇంజనులో సగం ఉండేది కాదు. పైగా 2023 ఏప్రిల్ 1 నుంచి 15 ఏళ్ళు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్ రద్దు చేస్తున్నారు. అవి తుక్కు కిందకు పోవలసిందే. అంచేత ప్రైవేటు వ్యక్తి దగ్గర, కాగితాలు సవ్యంగా ఉన్న బండి కొనడమే మేలు. నేను ఒక క్వారీ కాంట్రాక్టరు దగ్గర లక్షా ముప్ఫై అయిదు వేలకు కొన్నాను.

గుమాస్తాను గనక ముందు కాగితం, తర్వాత ఇనుము చూశాను. ఆర్.సి. పుస్తకంలోని ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు బండి మీద పోతపోసిన నంబర్లతో అంకె అంకె సరిచూసుకోవాలి. 15 ఏళ్ళ తర్వాత రిజిస్ట్రేషన్‌ను అయిదేసి ఏళ్ళకు రెన్యూవల్ చేయించాలి. అది చేయించారా, గ్రీన్ టాక్స్ కట్టారా చూడాలి. ఫైనాన్సు మీద కొన్నదైతే బాకీ తీరినట్టు ఫారం 35 ఉండాలి. యాజమాన్యం మార్పిడికి ఫారం 29, ఫారం 30 సంతకాలు డబ్బు ఇచ్చే రోజే తీసుకోవాలి. "రేపు పంపిస్తానండి" అన్న సంతకం ఏ ఆఫీసులోనూ మర్నాడు వచ్చినట్టు నేను చూడలేదు.

తర్వాత ఇనుము. జీపుకు వెన్నెముక కింద ఉండే ఛాసిస్. మన ప్రాంతంలో సముద్రపు ఉప్పుగాలికి అది లోపల నుంచి తుప్పు పడుతుంది. పైన కొత్త రంగు వేసి అమ్ముతారు. చిన్న సుత్తి పట్టుకుని కిందకు దూరి పొడుగునా తట్టి చూడాలి. గణగణమంటే మంచిది. డప్ మని బోలుగా వినిపిస్తే ఆ బండి ఉచితంగా ఇచ్చినా వద్దు. ఇంజనును చల్లగా ఉన్నప్పుడే, పొద్దుటే వెళ్ళి స్టార్టు చేయించాలి. ముందే వేడి చేసి ఉంచారంటే ఏదో దాస్తున్నారన్నమాట. వేడెక్కిన తర్వాత కూడా నీలం పొగ ఆగకపోతే ఆయిలు కాలుతోందని లెక్క. నడుస్తుండగా ఆయిలు మూత తీస్తే గుప్పుగుప్పున పొగ కొట్టిందంటే రింగులు అరిగాయి. స్టీరింగు ఎంత తిప్పితే చక్రం కదులుతోందో చూడాలి. ఆట ఎక్కువైతే కింగ్‌పిన్నులో, జాయింట్లో అరిగినట్టు.

నాలుగు చక్రాలకూ శక్తి వెళ్ళే ఏర్పాటు, అంటే ఫోర్ వీల్ డ్రైవు, నిజంగా పనిచేస్తోందా అన్నది కూడా చూడాలి. లివరు ఉంటుంది గాని లోపల తెగిపోయి ఉంటుంది. దాన్ని తారు రోడ్డు మీద కాదు, తడి మట్టిలో పెట్టి చూడాలి. ఎందుకంటే ఈ పాత బళ్ళలో ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ మధ్య తేడా సర్దే డిఫరెన్షియల్ ఉండదు. గట్టి రోడ్డు మీద ఫోర్ వీల్‌లో మలుపు తిప్పితే జాయింట్లు పట్టేసి విరుగుతాయి. మట్టిలో అయితే చక్రం కొంచెం జారి సర్దుకుంటుంది.

ఖర్చు ఎక్కడ పెట్టాలి

ఇక్కడే నా బాకీ మొదలవుతుంది.

బండి కొన్నాక దాన్ని ఊళ్ళో ఒక మెకానిక్ దగ్గర పెట్టాను. అతను చదువుకున్నది తక్కువ. పాత జీపు కింద పడుకుని చూస్తే మాత్రం వైద్యుడు నాడి పట్టినట్టే. అతను ఒక కాగితం మీద పనుల జాబితా రాయించాడు. మొదటిది బ్రేకులు. నాలుగు చక్రాలకూ డ్రమ్ములు విప్పి లైనింగులు మార్చాలి, వీల్ సిలిండర్లు మార్చాలి, పాత బ్రేకు ఆయిలు తీసేసి కొత్తది పొయ్యాలి. రెండోది రేడియేటరు శుభ్రం చేసి గొట్టాలు మార్చడం. మూడోది కమాను కట్టల్లో విరిగిన పట్టీలు. నాలుగోది టైర్లు.

నేను ఆ జాబితా తలకిందులు చేశాను. కొండెక్కే జీపంటే పెద్ద టైర్లు ఉండాలని నా మనసులో ఉంది. కంపెనీ ఇచ్చిన సైజు 6.00–16 అయితే, నేను 7.50–16 వేయించాను. దానికి ఇరవై ఆరు వేలు. ముందు బంపరు మీద పసుపు లైట్లు, కొత్త రంగు, కొత్త హుడ్డు, కలిపి ఇంకో పద్దెనిమిది వేలు. బ్రేకుల పనికి తొమ్మిది వేలు అవుతుందన్నాడు. "డీ.ఏ. బకాయిలు రానీ, అప్పుడు చూద్దాం" అన్నాను. "బాబూ, టైర్లకేటి తొందర? బండి ఎల్లడం కాదు, ఆగడం ముఖ్యం. ముందు బ్రేకులు సూసుకుందాం" అన్నాడతను. ఒకసారి కాదు, మూడుసార్లు అన్నాడు.

ఇప్పుడు కొండ ఊళ్ళ సంగతి. మనలో చాలామందికి ట్రెజరీ నాలుగడుగుల్లో ఉంటుంది. శృంగవరపుకోట పైనున్న కొండ ఊళ్ళలో మాత్రం మనవాళ్ళే కొందరున్నారు. ఆశ్రమ పాఠశాలలో వంట చేసినవాళ్ళు, ఆఫీసుల్లో అటెండర్లుగా చేసినవాళ్ళు, చనిపోయిన ఉద్యోగుల భార్యలు. ఏటా తాము బతికే ఉన్నామని సర్టిఫికెట్టు ఇవ్వకపోతే వాళ్ళ పెన్షన్ ఆగిపోతుంది. 2014 నవంబరులో జీవన్ ప్రమాణ్ వచ్చి వేలిముద్రతో పని జరుగుతోందన్నారు. మంచిదే. కొండ మీద సిగ్నలు లేనిచోట వేలు ఎక్కడ పెట్టాలి? కడుపుతో ఉన్నవాళ్ళనూ, జబ్బుపడ్డవాళ్ళనూ డోలీ కట్టి మోసుకొచ్చే దారులవి. డెబ్బై ఏళ్ళ ముసలమ్మ సర్టిఫికెట్టు కోసం ఆ దారి నడిచి దిగాలి. మొదట్లో సరదాకే కొన్న జీపు, ఒక మిత్రుని సలహాతో, 2012 నుంచి ఈ పనికి వచ్చింది. ఏడాదికి అయిదారు ట్రిప్పులు. పొద్దున్న వెళ్ళి దింపడం, సాయంత్రం తిరిగి ఎక్కించడం.

2014 ఫిబ్రవరిలో ఒక రోజు ఒక కుటుంబ పెన్షనరును తీసుకుని దిగుతున్నాను. ఆ మిత్రుడు, రిటైరైన మాస్టారు, నా పక్కన ముందు సీట్లో ఉన్నారు. దిగుడు చాలా పొడుగు, ఎర్రమట్టి, మధ్యలో గులకరాళ్ళు. లో గేరులో పెట్టి ఇంజను పట్టు మీద దింపవలసిన చోట, నేను మామూలు గేరులో మూడులో ఉంచి బ్రేకు మీద కాలు పెట్టి దింపుతున్నాను. ట్రెజరీ మూసేస్తారన్న తొందర ఒకటి. డ్రమ్ములు వేడెక్కాయి. పాత బ్రేకు ఆయిలులో తేమ చేరి ఉంటుంది, అది మరిగింది. పెద్ద చక్రాన్ని ఆపడానికి పాత బ్రేకుకు బలం చాలలేదు. పెడల్ మెత్తగా నేలకు దిగిపోయింది.

ఎడమవైపు లోయ, కుడివైపు కొండ గట్టు. నేను చేసిన మంచిపని ఒక్కటే. బండిని గట్టువైపు తిప్పి రాసుకుపోనిచ్చాను. ఆగింది. వెనక కూర్చున్న ముసలమ్మకు ఏమీ కాలేదు. మాస్టారి ఎడమ మణికట్టు విరిగింది. ఆ ముసలమ్మ నెమ్మదిగా దిగి, చీర దులుపుకుని, "నాను నడిసెలిపోతాను బాబూ" అని కర్ర పట్టుకుని మిగతా దారి నడిచి వెళ్ళిపోయింది. అంత దెబ్బ నాకు ఆ రోజు మరొకటి తగల్లేదు.

కిందకు వచ్చాక అందరూ ఏమైందని అడిగారు. "బ్రేకులు ఫెయిలయ్యాయి. మెకానిక్ సరిగ్గా చెయ్యలేదు" అన్నాను. అబద్ధం చెప్పాలని ముందుగా అనుకోలేదు. నోటికి అదే వచ్చింది. ఒకసారి వచ్చాక, అడిగినవారందరికీ అదే చెప్పాను. ఊళ్ళో ఆ మాట పాకింది. "గుమాస్తాగారి జీపు బ్రేకులు చెడగొట్టాడు" అన్నారు. అతని షెడ్డుకు బళ్ళు తగ్గాయి. అతను ఒక్కనాడూ నన్ను నిలదీయలేదు. జీపు మళ్ళీ అతని దగ్గరకే వెళ్ళింది. అప్పుడు రాసిన బిల్లులో మొదటి పద్దు "బ్రేకులు" అని ఉంది. ఆ బిల్లు ఇంకా నా ఫైలులో ఉంది. మొదటిసారి అతను రాయించిన జాబితా కూడా ఉంది. దానిలోనూ మొదటి పద్దు బ్రేకులే.

మిత్రులారా, 36 ఏళ్ళు ఫైళ్ళ మీద నోట్లు రాసినవాణ్ణి. ఈ నోటు రాయడానికి ఇన్నేళ్ళు పట్టింది. తప్పు మెకానిక్‌ది కాదు, నాది. ముందు వరుసలో కూర్చున్న మాస్టారికి ఈ సంగతి పోయిన వారమే చెప్పాను. ఆయన మణికట్టు తడుముకుని, "నాకు అప్పుడే తెలుసు. మీరు ఎప్పుడు చెబుతారా అని చూస్తున్నాను" అన్నారు.

కొండ మీద నేర్చుకున్నవి

ఆ తర్వాత జీపు తీరు మార్చాను. టైర్లు కంపెనీ సైజుకే దించి, మట్టిలో పట్టు ఉండే గళ్ళవి వేయించాను. లైట్లు పీకేశాను. ఏటా వానాకాలం ముందు డ్రమ్ములు విప్పించడం, రెండేళ్ళకొకసారి బ్రేకు ఆయిలు మార్చడం నియమం. బండిలో ఎప్పుడూ ఉండేవి: పలుగు, పార, రెండు గట్టి చెక్కలు, జాకీ కింద పెట్టే పలక, లాగే నవారు పట్టీ, కాలి పంపు, గాలి కొలిచే మీటరు, అయిదు లీటర్ల నీళ్ళు, మందుల డబ్బా. వీటన్నిటి ఖరీదు కలిపినా ఒక టైరంత ఉండదు.

ఈ రోజుల్లో విశాఖ నుంచి కుర్రాళ్ళు సెలవు రోజుల్లో జీపులేసుకుని అనంతగిరి, అరకు వైపు వస్తున్నారు. దాన్ని ఆఫ్ రోడింగు అంటారు. మన పిల్లల్లోనూ పాత జీపు కొనాలని ఉబలాటపడేవారు ఉన్నారు. వాళ్ళ కోసం నాలుగు మాటలు.

ఒకటి. తెలియని దారిని ముందు కాళ్ళతో నడిచి చూడాలి. ఎక్కిన గేరులోనే దిగాలని పెద్దలు చెప్పేది నిజం. దిగుడు మొదలవకముందే లో గేరులో పెట్టాలి. మధ్యలో క్లచ్చి తొక్కకూడదు.

రెండు. ఎక్కుతుండగా ఇంజను ఆగిపోతే బండిని పక్కకు తిప్పాలని చూడకూడదు, పల్టీ కొడుతుంది. రివర్సు గేరు వేసి తిన్నగా వెనక్కి దిగాలి.

మూడు. స్టీరింగు పట్టుకున్నప్పుడు బొటనవేళ్ళు చక్రం లోపల పెట్టకూడదు. ముందు చక్రం రాయికి తగిలితే స్టీరింగు గిర్రున తిరిగి వేలు విరుగుతుంది. మెత్తటి మట్టిలో, ఇసుకలో టైరు గాలి కొంత తగ్గిస్తే పట్టు పెరుగుతుంది. తారు రోడ్డెక్కే ముందు మళ్ళీ కొట్టుకోవాలి. అందుకే పంపు.

నాలుగు. గెడ్డ దాటే ముందు కర్రతో లోతు చూడాలి. మోకాలు దాటితే ఆగిపోవాలి. ఎర్రనీరు వస్తోందంటే పైన వాన పడిందన్నమాట, గంటయినా రెండు గంటలైనా ఒడ్డునే కూర్చోవాలి. ఇంజను గాలితో పాటు నీరు పీల్చిందంటే లోపల కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. దాటాక బ్రేకును మెల్లగా నొక్కుతూ పోతే తడిసిన డ్రమ్ములు ఆరతాయి.

చట్టం కూడా తెలుసుకోవాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన స్వరూపాన్ని మనిష్టం వచ్చినట్టు మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. ముందు బిగించే ఇనప బుల్ బార్లను తొలగించాలని 2017 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖ రాష్ట్రాలకు రాసింది. ఇంజను మార్చాలన్నా ముందుగా ఆర్.టి.ఓ. అనుమతి ఉండాలి. అంచేత పాత బండికి చెయ్యవలసింది రూపం మార్చడం కాదు, అది పుట్టినప్పటి ఆరోగ్యానికి తీసుకురావడం. కారు రిజిస్ట్రేషన్ రెన్యూవల్ ఫీజు 2022 ఏప్రిల్‌లో 600 నుంచి 5,000 రూపాయలైంది. 20 ఏళ్ళు దాటినవాటికి 2025లో మరికొంత పెంచారు. ఆ లెక్క వేసుకునే దిగండి. ఇంకొక మాట. ఊరివాళ్ళు నడిచే దారిలోనే వెళ్ళండి. రిజర్వు ఫారెస్టులోకి అనుమతి లేకుండా పోకండి. పోడు చేలో చోళ్ళ మీదుగా చక్రం తొక్కించకండి. అది మనకు ఆట, వాళ్ళకు ఏడాది తిండి.

ముగింపు

కమ్యుటేషన్ పదిహేనేళ్ళు పూర్తయి 2024లో నా పూర్తి పెన్షన్ తిరిగి వచ్చింది. ఆ ఏడాదే జీపు రిజిస్ట్రేషన్ కూడా రెన్యూవలైంది. మా ఇద్దరి ఆయుష్షూ పొడిగించారని సంతోషించాను. ఈ ఏడాది లైసెన్సు రెన్యూవలుకు ఫారం 1ఏ మీద సంతకం కోసం వెళితే, డాక్టరుగారు నా కుడికన్ను చూసి, "ఊళ్ళో పగలు నడపండి. కొండ మీద వద్దు" అన్నారు. కారణం అడగలేదు. 2014లో ఆ దిగుడు నాకు గుర్తుంది.

ఇప్పుడు జీపు నా మనవరాలు నడుపుతోంది. ముందు బ్రేకులు, తర్వాతే మిగతావి అని నేర్పాను. ఈ మధ్య మొదటిసారి కొండ ఎక్కాం. దిగుడు దగ్గర నేను ఏమీ అనకముందే ఆపి, లో గేరు వేసింది. "తాతా, మీరు గట్టిగా పట్టుకోండి" అంది. నేను ముందు ఎడమవైపు సీట్లో కూర్చున్నాను. అది తహసీల్దారుగారు కూర్చునే సీటని అప్పుడు తట్టింది. మొత్తానికి ప్రమోషన్ వచ్చింది.

ఆ మెకానిక్ షెడ్డు మూసేసి విశాఖలో కొడుకు దగ్గర ఉంటున్నాడు. వచ్చే ఆదివారం వెళ్ళి కలుస్తాను. మనిషికి చెప్పడంతో సరిపోదు. నా మాట వల్ల ఊళ్ళో పోయిన పేరు ఊళ్ళోనే తిరిగి రావాలి. అంచేత ఈ ప్రసంగాన్ని ప్రత్యేక సంచికలో పూర్తిగా వేయమని, ఒక ప్రతి అతని చిరునామాకు పంపమని సంపాదకవర్గాన్ని కోరుతున్నాను. పోస్టు ఖర్చు నాది.

చివరగా, కొండ ఊళ్ళలో ఉన్న మన పెన్షనర్ల పేర్లు తెలిసినవారు కార్యదర్శిగారికి రాసి ఇవ్వండి. జీపులో వెనక ఆరుగురు కూర్చోవచ్చు. బ్రేకులు బాగున్నాయి.